కోటలకు తెలియని చిందు

గండికోట చూడబోయినవారు ముందుగా పెన్న లోయ అంచుకే పోతారు. ఎర్రమల కొండలను నది నిలువునా కోసుకుపోయిన ఆ గండి వల్లనే కోటకు ఆ పేరు. లోయ చూసి తనివితీరాక వెనక్కు తిరిగితే జుమ్మా మసీదు, దాని చేరువలో పెద్ద ధాన్యాగారం, మాధవరాయస్వామి గుడి గోపురం, రంగనాథస్వామి గుడి, ఖైదుఖానా, పావురాల గోపురం కనిపిస్తాయి. కోట గోడల లోపల నేటికీ ఒక పల్లె బతుకుతూనే ఉన్నది. రాళ్ళ మధ్య మేకలు, మేకల వెంట పిల్లలు.

పెమ్మసాని నాయకుల చేతిలో ఉన్న ఈ దుర్గాన్ని 1652లో గోలకొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడు. ఆ ఏడే ఫ్రెంచి దేశపు వజ్రాల వర్తకుడు తావెర్నియే ఇక్కడికి వచ్చి మీర్ జుమ్లాను కలిశాడు. ఆయన రాసిపెట్టిన దృశ్యం ఒకటి నాకు ఎప్పుడూ మరపునకు రాదు. డేరాలో కూర్చున్న మీర్ జుమ్లా కాలివేళ్ళ సందున కొన్ని ఉత్తరాలు, చేతివేళ్ళ సందున కొన్ని ఉత్తరాలు ఇరికించుకుని, ఒక్కొక్కటే లాగి జవాబులు చెప్పి రాయిస్తూ ఉన్నాడట. నడుమ నేరస్థులను తెస్తే తీర్పులు కూడా చెబుతున్నాడట.

చరిత్ర ఎంత నిశితంగా చూస్తుందో గమనించండి. సేనాని కాలివేళ్ళ సందున ఏమున్నదో కూడా మనకు తెలుసు. కానీ ఆ సాయంత్రం డేరాల వెనుక, గుర్రాలకు దాణా పెట్టాక, సిపాయిలు ఏమి వాయించారో, ఎలా చిందేశారో తెలియదు. కోటకు రాళ్ళు మోసినవారు పని ముగిశాక ఏ పాట పాడుకున్నారో తెలియదు. కోట రాయితో కట్టింది కనుక మిగిలింది. చిందు ఒంటితో కట్టింది కనుక ఒంటితోనే పోయింది అనుకుంటాం. నిజంగా పోయిందా? ఈ ప్రశ్నను వెంటబెట్టుకుని బయలుదేరితే దారి గండికోట నుంచి కర్నూలుకూ, ఆదోనికీ, అక్కడినుంచి వనపర్తి మీదుగా హైదరాబాదుకూ, చివరకు సముద్రాలు దాటి ట్రినిడాడు చెరకు తోటలకూ పోయింది. ఆ దారి గురించే ఈ వ్యాసం.

* * *

ఆఫ్రికా నుంచి చెరపట్టి తెచ్చిన మనుషులు అనగానే మనకు అట్లాంటిక్ సముద్రం, అమెరికా పత్తి చేలు గుర్తుకొస్తాయి. కానీ అంతకు చాలా ముందునుంచే ఎర్రసముద్రం మీదుగా, అరేబియా సముద్రం మీదుగా మన దక్కనుకు ఆ మనుషులు వస్తూనే ఉన్నారు. హబష్ అంటే అరబ్బీలో ఇథియోపియా ప్రాంతం. అక్కడివారు కనుక హబ్షీలు. తరువాతి కాలంలో తూర్పు ఆఫ్రికా తీరం నుంచి వచ్చినవారిని కూడా కలిపి సిద్దీలు అన్నారు. అహ్మద్‌నగర్‌ను మొఘలులకు చిక్కకుండా ఏళ్ళ తరబడి నిలిపిన మాలిక్ అంబర్ (మరణం 1626) చిన్ననాట ఇథియోపియాలో బానిసగా అమ్ముడుపోయిన పిల్లవాడే.

ఈ కథలో మన సీమకు ఉన్న వాటా గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. 1660లో పన్హాలా కోటలో శివాజీని ముట్టడించి నెలల తరబడి కదలనివ్వని బీజాపూరు సేనాని సిద్ది జౌహర్ ఎవరో కాదు, కర్నూలు పాలకుడు. కర్నూలు అధికారి మాలిక్ అబ్దుల్ వహాబ్‌కు ఒకప్పుడు బానిస. యజమాని పోయాక ఆయన కొడుకును పక్కకు నెట్టి కర్నూలును తన చేతిలోకి తెచ్చుకున్నాడు. రెండవ ఆలీ ఆదిల్ షా అతనికి సలాబత్ ఖాన్ అని బిరుదు ఇచ్చి పన్హాలా మీదికి పంపాడు. అతని అల్లుడు సిద్ది మసూద్. ఇతడు ఆదోనిని ఏలాడు. 1678 నుంచి 1683 దాకా బీజాపూరు రాజ్యానికే సంరక్షకుడుగా ఉన్నాడు. ఆ పదవి వదిలి మళ్ళీ ఆదోనికే వచ్చాడు. ఆదోనిలో నేటికీ నిలిచి ఉన్న షాహీ జామియా మసీదు అతడు కట్టించినదే. 1688లో మొఘలు సేనాని ఫిరోజ్ జంగ్ కోటను ముట్టడించినప్పుడు, ఫిరంగులను మసీదు వైపు తిప్పితే అది కూలుతుందని బెంగపడి మసూద్ కోటను అప్పగించాడని ఆ ప్రాంతంలో ఒక కథ చెప్పుకుంటారు. కథ మాట ఎలా ఉన్నా ఆదోని ఫిరోజ్ జంగ్ పరమైన మాట చరిత్ర. ఆ ఫిరోజ్ జంగ్ కొడుకే తరువాత హైదరాబాదు రాజ్యం స్థాపించిన మొదటి నిజాము. ఈ ముడిని గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాం.

జౌహర్, మసూద్ వంటివారి పేర్లు మిగిలాయి. వారు కోటలు పట్టారు, మసీదులు కట్టారు కనుక. వారి వెనుక గుర్రాలెక్కి వచ్చిన, కాలినడకన వచ్చిన పేరులేని హబ్షీల మాట ఏమిటి? పుట్టిన ఊరు, మాట్లాడిన భాష, తల్లి పెట్టిన పేరు, మూడూ పోగొట్టుకున్న మనిషి దగ్గర ఇంకేమి మిగులుతుంది? ఒళ్ళు మిగులుతుంది. ఒంట్లో లయ మిగులుతుంది. భాష రెండు తరాల్లో ఎండిపోవచ్చు, కానీ పాదం వేసే దరువు అంత సులువుగా పోదు. గుజరాతు సిద్దీలు బావా గోర్ దర్గా దగ్గర నేటికీ ధమాల్ ఆడుతారు. వారి కాళ్ళున్న పెద్ద డోలు పేరు ముగర్మాన్. విల్లువంటి వాద్యం పేరు మలుంగా. బ్రెజిల్ దేశంలో ఆఫ్రికా సంతతివారు వాయించే బెరింబావ్‌ను, మలుంగానూ పక్కపక్కన పెడితే అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. ఒక చెల్లెలు పడమటికి అమ్ముడుపోయింది, ఒక అక్క తూర్పుకు అమ్ముడుపోయింది. పుట్టిల్లు ఒక్కటే.

* * *

తుంగభద్ర, కృష్ణ దాటి ఉత్తరానికి పోతే వనపర్తి సంస్థానం. 19వ శతాబ్దంలో వనపర్తి రాజా రామేశ్వరరావు ఆఫ్రికన్లతో ఒక అశ్వదళాన్ని తయారుచేశాడు. ఆ దళం పిమ్మట నిజాముకు చేరింది. నిజాము అంగరక్షక దళంగా, ఊరేగింపుల్లో వెంట నడిచే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్‌గా ప్రసిద్ధికెక్కింది. మాసాబ్‌ట్యాంకు దగ్గరి ఏసీ గార్డ్స్ అనే పేట పేరు విని, అక్కడేదో చల్లని గదుల కొలువు ఉండేది కాబోలు అనుకునేవారున్నారు. ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ! ఆదోనిలో ఒక హబ్షీ పాలకుని చేతినుంచి కోట తీసుకున్నవాని వంశమే, నూటయాభై ఏళ్ళు దాటాక హబ్షీలను తన వాకిట కాపలా పెట్టుకుంది. చరిత్రకు ఇటువంటి చమత్కారాలు కొత్త కాదు.

1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాము పాలన ముగిసింది. కొద్ది ఏళ్ళలోనే ఆ దళాన్నీ రద్దు చేశారు. తరతరాలుగా గుర్రపుస్వారీ, కవాతు తప్ప వేరే పని నేర్వని కుటుంబాలు ఒక్కసారిగా వీధిన పడ్డాయి. యూనిఫారం పోయింది, గుర్రం పోయింది, జీతం పోయింది. కొందరు కూలిపనులకు పోయారు, కొందరు రిక్షాలు తొక్కారు. పూర్వం పండుగనాడు, పెళ్ళినాడు తమ ఇళ్ళముందు తమకోసం వాయించుకున్న వాద్యం ఇప్పుడు కూడు పెట్టింది. అదే మర్ఫా.

మర్ఫా ఒక్క వాద్యం పేరు కాదు, ఒక మేళం పేరు. మర్ఫా అనే చిన్న నగారా, డఫ్ అనే గుండ్రని చర్మవాద్యం, డోలు, కర్రపుల్లలతో మోగించే లోహపు బిందె ఇందులో ఉంటాయి. నిజాము సైన్యంలోకి యెమెన్ దేశపు హద్రమౌత్ నుంచి వచ్చి బార్కస్ ప్రాంతంలో స్థిరపడ్డ అరబ్బులూ, ఆఫ్రికా సిద్దీలూ కలిసి పెంచిన మేళం ఇది. ముందు నెమ్మదిగా మొదలై, దరువు బిగిసి, ఉన్నట్టుండి పరుగందుకుంటుంది. వాయించేవారి ముందు ఆడేవారు కత్తులో కర్రలో పట్టుకుని భుజాలు కదుపుతూ వలయం కడతారు. మొదట ముస్లిముల పెళ్ళిళ్ళలో, తరువాత అందరి పెళ్ళిళ్ళలో, బోనాల్లో, వినాయక నిమజ్జనంలో, రాజకీయ సభల్లో ఈ మోత వినబడింది. అందులోని ఒక దరువుకు తీన్మార్ అని పేరు. నేడు తెలుగునాట ఆ పేరు తెలియని పిల్లవాడు లేడు. 2011లో ఒక సినిమాకే ఆ పేరు పెట్టారు. మన మేనమామలూ, బావమరుదులూ పెళ్ళికొడుకు కారు ముందు చొక్కాలు తడిసేదాకా ఆడే ఆ అడుగు వెనుక హద్రమౌత్ ఇసుక ఉన్నది, ఆఫ్రికా తీరపు ఉప్పుగాలి ఉన్నది. ఆడేవారికి ఆ సంగతి తెలియదు. కానీ కాళ్ళకు తెలుసు.

* * *

సంతోషమే ధిక్కారం అనే మాట ఈమధ్య ఎక్కువగా వినిపిస్తున్నది. ఆఫ్రికా సంతతివారి వీధి నృత్యాల గురించి రాసేవారు, ఆడటమే వారి పోరాటమని అంటున్నారు. మాట వినడానికి అందంగా ఉన్నది. అందమైన మాటను ఒకసారి గీటురాయి మీద గీసి చూడటం మంచిది.

సిద్దీల మర్ఫానే తీసుకుందాం. కొలువు పోయినవారు పొట్టకూటికి ఇంకొకరి పెళ్ళిలో వాయిస్తే అది ధిక్కారమా? పెళ్ళివారు సంతోషిస్తారు, వాయించినవారు కూలి తీసుకుని ఇంటికి పోతారు. పైగా "వాళ్ళకు పుట్టుకతోనే లయ వచ్చు, వాళ్ళు ఎప్పుడూ హుషారుగా ఉంటారు" అనే మాట ఒకటి ఉన్నది. మెచ్చుకోలుగా మొదలై అది గుదిబండగా మారుతుంది. ఆటలో మెరుగైనవారిని బడికి, కచేరీకి పనికిరానివారిగా చూసే కళ్ళు అవే. గుజరాతు, కర్ణాటకల్లో సిద్దీలకు షెడ్యూల్డు తెగ గుర్తింపు ఉన్నది. కర్ణాటకలో అది 2003లో వచ్చింది. ఆ గుర్తింపు కోసం పిటిషన్లు కావలసివచ్చాయి, పత్రాలు కావలసివచ్చాయి. చిందు ఒక్కటే చాలలేదు.

ఈ సందేహం నాకంటే ఎంతో ముందు, నాకంటే ఎంతో హక్కు ఉన్నవాడు లేవనెత్తాడు. ఫ్రెడరిక్ డగ్లస్ అమెరికాలో బానిసగా పుట్టి, తప్పించుకుని, 1845లో తన ఆత్మకథ రాశాడు. క్రిస్మసుకూ కొత్త సంవత్సరానికీ మధ్య రోజుల్లో యజమానులు బానిసలకు సెలవిచ్చి, తాగమనీ ఆడమనీ పాడమనీ ప్రోత్సహించేవారని అందులో చెప్పాడు. అది దయ కాదని, తిరుగుబాటు ఆవిరిని కొంచెం కొంచెంగా బయటికి వదిలే ఉపాయమని ఆయన తీర్పు. బానిసలు పాడుతుంటే వారు సుఖంగా ఉన్నారని అనుకున్నవారిని చూసి కూడా ఆయన విస్తుపోయాడు. కన్నీరు గుండెకు ఎలాగో ఆ పాట వారికి అలాగని ఆయన భావం.

డగ్లస్ మాటను తోసిపుచ్చలేం. దొర ఇచ్చిన సెలవులో, దొర పోయించిన సారా తాగి, దొర చూస్తుండగా ఆడిన ఆట దొరదే అవుతుంది. కాని ఒక చిక్కు ఉన్నది. ఆట నిజంగా దొరలకు అంత మేలు చేసేదే అయితే, వారే దాన్ని మాటిమాటికీ ఎందుకు నిషేధించారు?

* * *

నిషేధాల జాబితా చాలా పెద్దది. నాలుగు మాత్రం చెబుతాను.

1739 సెప్టెంబరులో దక్షిణ కెరొలైనాలో స్టోనో నది దగ్గర బానిసలు తిరగబడ్డారు. ఆయుధాలు చేజిక్కించుకుని దక్షిణానికి నడుస్తూ, దారిలో ఒక పొలంలో ఆగి, డోళ్ళు మోగిస్తూ పాడుతూ ఆడారు. ఆ మోత విని ఇంకొందరు వచ్చి కలుస్తారని వారి ఆశ. తిరుగుబాటును రక్తంలో ముంచాక, 1740లో చేసిన చట్టంలో బానిసలు డోళ్ళు, కొమ్ములు వాడరాదని రాశారు. డోలు పోతే ఏమి చేశారు? అరచేతితో తొడమీద, రొమ్ముమీద చరుచుకుని, మడమతో నేల తన్ని దరువు కట్టారు. చట్టం డోలును లాక్కుంటే ఒళ్ళే డోలయింది.

1817లో న్యూ ఆర్లియన్సు నగరపాలకులు బానిసలు ఆదివారం నాడు మాత్రమే, నిర్ణయించిన చోటనే, పొద్దు గుంకేలోపలే ఆడుకోవాలని కట్టడి చేశారు. ఆ చోటే కాంగో స్క్వేర్‌గా చరిత్రకెక్కింది. అడ్డుకట్ట వేసినచోట నీరు నిలిచి చెరువైనట్టు, ఆ చోటనే ఆఫ్రికా లయలు చేరి లోతెక్కాయి. ఆ నగరంలోనే తరువాత జాజ్ సంగీతం పుట్టింది.

బ్రెజిల్‌లో బానిసత్వం 1888లో రద్దయింది. రెండున్నరేళ్ళయినా తిరక్కుండానే, 1890 శిక్షాస్మృతిలో వీధుల్లో కపొయెరా ఆడటం నేరమని రాశారు. ఆటా యుద్ధమూ విడదీయరాని విద్య అది. వలయం మధ్య ఇద్దరు నవ్వుతూ తిరుగుతుంటారు. ఆ నవ్వులోనే తన్ను ఉంటుంది. స్వేచ్ఛ ఇచ్చిన చేతితోనే ఆటను ఎందుకు లాక్కోవలసివచ్చిందో ఆలోచించవలసిన విషయం.

నాలుగవది ట్రినిడాడు. ఇది మనకు దగ్గరిది. చెరకు తోటలకు నిప్పంటుకుంటే అర్ధరాత్రి బానిసలను కొట్టి లేపి తోలుకుపోయేవారు. 1838లో పూర్తి స్వేచ్ఛ వచ్చాక, అదే దృశ్యాన్ని వారు ఆటగా మార్చుకున్నారు. కాగడాలు పట్టుకుని, డోళ్ళు మోగిస్తూ, కర్రసాము చేస్తూ వీధుల్లో ఊరేగేవారు. దాని పేరు కాన్‌బులే, అంటే కాలిన చెరకు. ఏ నిప్పు చూసి ఒకనాడు వణికారో ఆ నిప్పునే చేతబట్టి ఆడటం అది. 1881లో పోలీసు అధికారి కెప్టెన్ బేకర్ దాన్ని అణచబోతే పోర్ట్ ఆఫ్ స్పెయిన్ వీధుల్లో జనం ఎదురుతిరిగారు. చివరకు గవర్నరు పోలీసులను బారకాసుల్లోకి వెనక్కు పిలిపించవలసివచ్చింది. 1884లో మాత్రం చట్టం వచ్చింది: కాగడాలు కూడదు, డోళ్ళు కూడదు, కర్రలు పట్టి గుంపులు కూడదు. జనం వెదురు బొంగులు నరికి నేలకు కొట్టి మోగించారు. ఆ తరువాత, 20వ శతాబ్దపు మధ్యభాగంలో, పనికిరాని చమురు పీపాలను సాగగొట్టి స్టీల్‌పాన్ అనే కొత్త వాద్యాన్నే పుట్టించారు.

ఈ నాలుగు నిషేధాలు ఒక మాట చెబుతున్నాయి. పాలకులు భయపడినది సంతోషానికి కాదు. తాము ఇవ్వని సంతోషానికి. తాము వేళ నిర్ణయించని ఆటకు, తాము పిలవని గుంపుకు. డగ్లస్ చెప్పిన సెలవురోజు ఆటకూ, స్టోనో పొలంలోని ఆటకూ అడుగులు ఒకటే కావచ్చు. తేడా అడుగులో లేదు. ఎవరు ఆడమంటే ఆడుతున్నారు, ఎవరు ఆపమంటే ఆపుతున్నారు అనే దానిలో ఉన్నది.

* * *

ట్రినిడాడు కథ ఇంకా పూర్తి కాలేదు. ఆ 1884లోనే, అక్టోబరు 30న, శాన్ ఫెర్నాండో పట్టణంలోకి ఇంకొక ఊరేగింపు వచ్చింది. అది మన దేశం నుంచి పోయిన చెరకుతోటల కూలీల మొహర్రం ఊరేగింపు. అక్కడ దాన్ని హొసే అంటారు. తాజియాలు మోసినవారిలో ముస్లిములే కాదు, హిందువులున్నారు. డోళ్ళు వాయించినవారిలో ఆఫ్రికా సంతతివారూ ఉన్నారు. పట్టణంలోకి రాకూడదన్న ఆజ్ఞను వారు లక్ష్యపెట్టలేదు. పోలీసులు కాల్పులు జరిపారు. కనీసం 16 మంది చచ్చిపోయారు, వందకు పైగా గాయపడ్డారు. ఆఫ్రికావారి కాన్‌బులే, ఇండియావారి హొసే ఒకే ఏట, ఒకే పాలకుల కంట్లో ఒకే రకం నేరాలయ్యాయి.

ఆ కూలీలలో అధికభాగం కలకత్తా రేవునుంచి పోయినవారు. మద్రాసు రేవునుంచి ఓడలెక్కినవారూ ఉన్నారు. మద్రాసు ఓడలు మారిషస్‌కూ నేటాలుకూ మన తెలుగువారిని కూడా వేలుగా మోసుకుపోయాయి. మారిషస్‌లో మనవారు చేరిన చెరకు తోటలు అంతకుముందు ఆఫ్రికా బానిసలు చాకిరీ చేసినవే. ఆ బానిసల ఆటే సెగా. ఒకప్పుడు దొరలు ఈసడించిన ఆ ఆట 2014లో యునెస్కో జాబితాకెక్కింది.

హొసే గురించి మొదట చదివినప్పుడు నాకు కళ్ళముందు కదిలింది ట్రినిడాడు కాదు, మన సీమ పల్లె. పీర్ల పండుగ. నిజానికి అది దుఃఖపు దినం. కర్బలాలో హుసేను అమరుడైన రోజులు. కాని సీమలో పీర్ల చావిడి ముందు గుండం తవ్వి, కట్టెలు రాజేసి, తప్పెట్లు మోగుతుండగా ఊరంతా చుట్టూ చేరి చిందులు తొక్కుతుంది. దూదేకులవారు, బోయలు, మాదిగలు, కాపులు, ఎవరి మొక్కు వారిది. అనంతపురం జిల్లా గూగూడు కుళ్ళాయిస్వామి దగ్గరికి వచ్చేవారిలో హిందువులే ఎక్కువ. కవి అఫ్సర్ ఆ గూగూడు పండుగ మీద పరిశోధన చేసి 2013లో ఇంగ్లీషులో ఒక గ్రంథమే వెలువరించారు. జలధినాడు పీర్లను సాగనంపేటప్పుడు ఏడ్చేవారు ఏడుస్తూనే ఆడుతుంటారు. ఏడుపూ ఆటా ఎదురుబొదురు అనుకునే చదువు వారికి లేదు. న్యూ ఆర్లియన్సులో కూడా శవాన్ని సాగనంపేటప్పుడు నెమ్మదిగా విషాదగీతం వాయిస్తారు. ఖననం అయ్యాక దరువు మారుతుంది, వెనుక నడిచేవారు గొడుగులు ఎత్తి ఆడుతారు. వానలు ఎగ్గొట్టే నేలమీద పుట్టినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. 1876-78 కరువులో సీమ ఊళ్ళకు ఊళ్ళే తుడిచిపెట్టుకుపోయాయి. మిగిలినవారు మళ్ళీ చెక్కభజన కట్టారు, మళ్ళీ కోలాటం వేశారు. కరువును మరిచి కాదు, కరువుకు ఊరిని పూర్తిగా అప్పగించడం ఇష్టంలేక.

* * *

ఇంతదూరం వచ్చాక తప్పెట ముచ్చట ఎత్తకుండా ముగిస్తే అది పిరికితనం అవుతుంది. సముద్రాలవతల దొరలను తిట్టడం సులువు. మన ఊరి డోలు కథ చెప్పుకోవడం కష్టం.

తప్పెట లేనిదే సీమలో పండుగ లేదు, జాతర లేదు, పీర్లు లేవు, పెళ్ళి లేదు, చావు లేదు. ఆ తప్పెటను తోలు పదును చేసి, బిగించి, మంటకు కాచి, మోగించినవారు మాదిగలు. కాని తరతరాలుగా అది వారికి వెట్టి. ఊరు పిలిస్తే పోవాలి, శవం ముందు వాయించాలి, చాటింపు వేయాలి, గుడి వాకిటికి అవతలే నిలబడాలి. తప్పెట మోత దేవుడికి పనికొచ్చింది, మోగించిన చెయ్యి మాత్రం పనికిరాలేదు. ఆ మోతకు ఊగిపోతూ ఆడిన మన పెద్దలు, ఆడినంతసేపూ సంతోషంగానే ఉన్నారు. అది ఎవరి సంతోషం? డగ్లస్ అడిగిన ప్రశ్న మిసిసిపీ దగ్గరే ఆగిపోదు, పెన్న ఒడ్డుకూ వస్తుంది.

అందుకే ఎన్నో ఊళ్ళలో మొదటి ధిక్కారం వాయించడం కాదు, వాయించనని చెప్పడం. ఇకమీదట శవాల ముందు తప్పెట కొట్టం అన్నందుకు కూలిపనులు, కిరాణా కొట్లు మూసివేసి వెలివేసిన ఊళ్ళున్నాయి. తరువాత రెండో అడుగు పడింది. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టింది. జనం దాన్ని దండోరా అన్నారు. దండోరా అంటే చాటింపు. ఇన్నాళ్ళూ ఊరి మాటను చాటిన డప్పు ఆనాటి నుంచి తన మాటను తాను చాటుకుంది. చంకన వేసుకోవడానికి సిగ్గుపడిన వాద్యాన్ని ఊరేగింపు ముందు ఎత్తి పట్టుకున్నారు. అదే తోలు, అదే చిర్ర, అదే సిటికెన పుల్ల. మోత కూడా అదే. మారినది పిలుపు. ముప్పయ్యేళ్ళ తరువాత, 2024 ఆగస్టు 1న, షెడ్యూల్డు కులాల్లో వర్గీకరణ చేసుకునే అధికారం రాష్ట్రాలకు ఉన్నదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు మంచిచెడ్డల మీద వాదాలున్నాయి, ఉంటాయి. తీర్పు డప్పు వల్లనే వచ్చిందని నేను అనను. న్యాయవాదులు, కమిషన్లు, వినతిపత్రాలు, ఓట్లు అన్నీ పనిచేశాయి. కాని ముప్పయ్యేళ్ళు ఒక జనాన్ని అలసిపోకుండా నడిపించడానికి కాగితం చాలదు. దానికి దరువు కావాలి.

సంతోషమే ధిక్కారం అనే మాటను నేను ఇప్పుడు ఇంతవరకే ఒప్పుకుంటాను. సంతోషం తనంత తానుగా ధిక్కారం కాదు. అది కూలి పెంచదు, చట్టం రాయదు, వెలి ఎత్తదు. కానీ మనిషిని చాకిరీగా, తోలుగా, రంగుగా, కులంగా మాత్రమే లెక్కగట్టే చోట, ఆ లెక్కకు అందనిది ఒకటి తన దగ్గర ఉన్నదని ఆ మనిషికి గుర్తుచేసేది సంతోషమే. ఆ గుర్తు లేనివాడు తిరగబడలేడు. తిరగబడినా ఎంతోదూరం నడవలేడు.

* * *

మళ్ళీ గండికోటకు వద్దాం. సాయంత్రం లోయలో ఎర్రరాయి చల్లబడుతుంది. చూడవచ్చినవారు ఒక్కొక్కరే వెళ్ళిపోతారు. మీర్ జుమ్లా పోయాడు, నవాబులు పోయారు, కుంఫిణీ దొరలు పోయారు. కోట గోడలు మాత్రం పురావస్తు శాఖవారి బోర్డుల కింద నిలిచి ఉన్నాయి. ఈ వ్యాసం మొదట్లో, చిందు ఒంటితోనే పోయిందా అని అడిగాను. పోలేదు. ఒంటినుంచి ఒంటికి దూకుతూ వచ్చింది. జౌహర్ ఏలిన కర్నూలు నేడు నవాబుల చేతిలో లేదు, మసూద్ అప్పగించిన ఆదోని కోట బీడుపడింది. కాని ఆ ఊళ్ళలోనే నేటికీ ఏ పెళ్ళి ఊరేగింపులోనో ఎవరో కుర్రవాడు "తీన్మార్ కొట్టన్నా!" అని కేక వేస్తాడు. కొట్టే అన్న పుల్ల ఎత్తుతాడు.

ఈసారి ఆ కేక విన్నప్పుడు ఒక్క నిమిషం ఆగి, వాయించే చేతులవైపు కూడా చూడండి. ఆయన పేరు అడగండి, భోజనాల వేళకు మనతోపాటు బంతిలో కూర్చోబెట్టుకోండి. ఆ తరువాత మీరూ రెండు అడుగులు వేయండి. రాదంటారా? ఆడలేక మద్దెల ఓడు అనే సామెత మనదే కదా, ఆ వంక ఇక్కడ చెల్లదు.